చంటిబిడ్డకి టీకా రోజు: నొప్పి తగ్గించే పద్ధతి, తర్వాత కనిపించే గడ్డల సంగతి

ఈ మధ్య తల్లులు ఎక్కువగా అడుగుతున్నవి రెండే ప్రశ్నలు. "సూది వేసేటప్పుడు పాప గుక్కపట్టి ఏడుస్తోంది, నొప్పి తగ్గించే మార్గం ఉందా?" అనేది మొదటిది. "టీకా వేసిన చోట గట్టిగా గడ్డ మిగిలింది, ట్యూమరేమో అని నిద్ర పట్టడం లేదు" అనేది రెండోది. రెండూ అడిగేది తరచుగా ఒకే తల్లి, కొన్ని వారాల తేడాతో. అందుకే రెండింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

నొప్పి విషయంలో ముందే ఒక మాట. బిడ్డని ఎవరు ఎత్తుకోవాలి, ఏ వైపు తిప్పుకోవాలి, ఏ సూది ముందు వేయించాలి అన్నవి కుర్చీలో కూర్చోకముందే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. అవన్నీ మీ చేతిలో ఉన్నవే. సిస్టర్‌కి చేతినిండా పని ఉంటుంది, బయట లైను ఉంటుంది. అడగకపోతే బిడ్డని బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు పట్టుకోమంటారు. బిడ్డని ఎక్కువ భయపెట్టే పద్ధతి అదే.

## 1. ఏ రోజు ఎన్ని సూదులో ముందే తెలుసుకోండి

ప్రభుత్వ టీకాల పట్టిక ప్రకారం లెక్క ఇలా ఉంటుంది:

- పుట్టగానే: బీసీజీ (క్షయ టీకా, ఎడమ భుజం), 24 గంటల్లోపు హెపటైటిస్ బి సూది, పోలియో చుక్కలు.
- 6 వారాలు: మూడు సూదులు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా, ఎడమ తొడ), పీసీవీ (న్యుమోనియా టీకా, కుడి తొడ), ఐపీవీ (పోలియో సూది, కుడి భుజం, చర్మంలోకి చిన్న సూది). వీటితో పాటు పోలియో చుక్కలు, విరేచనాల జబ్బుకి వేసే రోటా చుక్కలు.
- 10 వారాలు: ఒక్క సూది, పెంటావాలెంట్. పోలియో, రోటా చుక్కలు.
- 14 వారాలు: 6 వారాలప్పటిలాగే మూడు సూదులు, చుక్కలు.
- 9 నెలలు నిండాక: ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా, కుడి భుజం), ఐపీవీ (ఎడమ భుజం), పీసీవీ బూస్టర్ (తొడ), విటమిన్ ఎ.
- 16 నుంచి 24 నెలల మధ్య: ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, పోలియో చుక్కలు.

ఎక్కువ సిద్ధపడాల్సింది 6, 14 వారాలకి. 10 వారాలది తేలికే. ప్రైవేటు క్లినిక్‌లో వేయిస్తే టీకాల పేర్లు, సంఖ్య కొంచెం మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

హైదరాబాద్‌లో అర్బన్ హెల్త్ సెంటర్లలోనూ అంగన్‌వాడీల్లోనూ టీకాల సెషన్లు మామూలుగా బుధ, శనివారాల్లో ఉంటాయి. మీ బస్తీలో ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో ముందు రోజే అడగండి. ఎండాకాలమైతే సెషన్ మొదలయ్యే వేళకే చేరుకోండి. మిట్టమధ్యాహ్నం ఆటోలో వేడికి వడలిపోయి వచ్చిన బిడ్డ చిన్న సూదికి కూడా తట్టుకోదు.

చిన్న జలుబు, కొద్దిపాటి దగ్గు, ఒకట్రెండు సార్లు పలచటి విరేచనం ఉన్నాయని టీకా వాయిదా వేయకండి. గట్టి జ్వరం ఉన్నా, బిడ్డ నీరసంగా పడి ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించండి.

## 2. ముందు రోజు సాయంత్రం ఒళ్లంతా ఒకసారి తడిమి చూడండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. చేస్తే మాత్రం తర్వాత వచ్చే టెన్షన్ చాలావరకు తప్పుతుంది.

స్నానానికి ముందు నూనె రాసేటప్పుడు రెండు తొడలు, రెండు భుజాలు, చంకలు, మెడకి రెండు వైపులా, గజ్జలు మెల్లగా వేళ్లతో తడమండి. ఎక్కడైనా ఉబ్బు, గట్టి ముద్ద, ఎర్రటి లేదా నీలి మచ్చ కనిపిస్తే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. తీశాక బిళ్లని బిడ్డకి అందకుండా పక్కన పెట్టేయండి. ఫోన్‌లో తేదీ ఎటూ ఉంటుంది.

దీనివల్ల రెండు లాభాలు. టీకా తర్వాత కనిపించిన గడ్డ ముందే ఉందా, కొత్తగా వచ్చిందా అన్నది ఖాయంగా తెలుస్తుంది. ముందే ఉంటే సిస్టర్‌కి చూపించి సూది ఆ చోట పడకుండా చూసుకోవచ్చు.

## 3. సంచి, బట్టలు

చూసుకోవాల్సినవి:

- మాతా శిశు సంరక్షణ కార్డు. ఇది లేకుండా బయల్దేరకండి.
- బిడ్డకి వదులుగా ఉండే కాటన్ చొక్కా, కిందకి సులువుగా లాగే నిక్కరు. చేతులూ కాళ్లూ మొత్తం మూసే ఒకే ముక్క డ్రెస్సు వద్దు. అది విప్పేసరికే బిడ్డ ఏడుపు మొదలుపెడుతుంది.
- తల్లికి పాలు పట్టడానికి వీలైన బట్టలు, ఒక చున్నీ.
- రెండు డైపర్లు లేదా గుడ్డలు, చిన్న తువ్వాలు.
- 9 నెలలు దాటిన పిల్లలైతే గిలకో, ఇష్టమైన బొమ్మో.
- పోతపాలు తాగే బిడ్డ అయితే సీసా, కాచి చల్లార్చిన నీళ్లు.

పారాసెటమాల్ ఇంట్లో ఉంచుకోండి. బయల్దేరే ముందు వేయకండి. "ముందే ఒక డోసు పోసేస్తే నొప్పి ఉండదు" అని చాలామంది చెబుతారు. సూది గుచ్చిన నొప్పిని అది తగ్గించదు. పైగా జ్వరం రాకముందే వేస్తే కొన్ని టీకాలకి శరీరం తయారుచేసుకునే రక్షణ కొంత తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలింది.

బిడ్డని ఆకలితో మాడ్చి తీసుకెళ్లొద్దు. అలాగని గుమ్మం దిగేటప్పుడు కడుపునిండా పట్టేయనూ వద్దు. అక్కడ తాగడానికి కొంచెం ఆకలి మిగలాలి.

## 4. సెంటర్‌లో, సూదికి ముందు

కార్డు ఇచ్చేటప్పుడే మూడు మాటలు చెప్పండి. పోయినసారి జ్వరం, ఫిట్స్, దద్దుర్లు లాంటివి వచ్చుంటే అది. ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారో అది. ఒంటి మీద గడ్డో మచ్చో ఉంటే అది.

తర్వాత ఇలా అడగండి: "సిస్టర్, నేను కూర్చుని పాలు పడుతూ పట్టుకుంటాను, అప్పుడు వేస్తారా? చుక్కలు ముందు వేసేయండి. బాగా నొప్పి పెట్టే సూది చివర్లో వేయండి." నిదానంగా అడిగితే చాలామంది సిస్టర్లు ఒప్పుకుంటారు. బిడ్డ కదలకుండా ఉంటే వాళ్ల పనీ సులువవుతుంది.

ఈ వరుసకి కారణం ఉంది. కొన్ని నోటి టీకాల్లో చక్కెర ఉంటుంది, ఆ తీపి తర్వాతి సూదికి కాస్త ఉపశమనం ఇస్తుంది. ఏడుస్తున్న నోట్లో చుక్కలు వేస్తే ఉమ్మేసే ప్రమాదమూ ఉంది. ఇక బాగా మంట పుట్టించే సూది మొదటే పడితే, తర్వాత వచ్చే తేలికపాటి సూదికి కూడా బిడ్డ గిలగిల్లాడుతుంది.

సూది పొడుగ్గా ఉందని కంగారు పడకండి. తొడ కండలోకి మందు సరిగ్గా దిగాలంటే ఆ పొడుగు కావాలి. పొట్టి సూదితో మందు పైనున్న కొవ్వులో ఆగిపోతే వాపూ, గట్టి గడ్డా ఎక్కువగా వస్తాయి. చంటిపిల్లలకి పిరుదు మీద మాత్రం వేయించకండి. అక్కడ నరానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

## 5. పాలు పడుతూ సూది వేయించే పద్ధతి

ఏడాదిలోపు పిల్లలకి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. చప్పరించడం, పాల తీపి, అమ్మ ఒంటి వెచ్చదనం మూడూ కలిసి పనిచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఇచ్చిన సూచనల్లో సూదికి కాస్త ముందు గానీ, వేస్తుండగా గానీ పాలు పట్టమని చెప్పింది.

వైపు తెలుసుకోవడం ముఖ్యం. మామూలుగా ఒళ్లో అడ్డంగా పట్టుకుని ఎడమ రొమ్ము పడితే బిడ్డ ఎడమ తొడ పైకి వస్తుంది. కుడి రొమ్ము పడితే కుడి తొడ, కుడి భుజం పైకి వస్తాయి. దీన్ని పట్టి 6, 14 వారాలకి వరుస ఇలా పెట్టుకోండి:

1. చుక్కలు వేయించండి. బిడ్డ మింగేదాకా ఆగండి.
2. వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. కుడి రొమ్ము పట్టండి. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి, తల కాస్త ఎత్తులో ఉండాలి.
3. బిడ్డ కింది చేయి మీ చంక కిందుగా వీపు వైపు పోనివ్వండి. పై కాలిని మోకాలి దగ్గర మీ అరచేత్తో మెత్తగా ఆపండి. నొక్కిపెట్టొద్దు, తన్నకుండా చూస్తే చాలు.
4. బిడ్డ గుటకలు వేస్తూ తాగడం మొదలయ్యాక రెండు మూడు నిమిషాలు ఆగండి. నోట్లో పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు, మింగుతుండాలి.
5. సిస్టర్‌కి సైగ చేయండి. ముందు కుడి భుజానికి ఐపీవీ, తర్వాత కుడి తొడకి పీసీవీ.
6. బిడ్డ రొమ్ము వదిలి ఏడిస్తే భుజాన వేసుకుని కాసేపు ఊరుకోబెట్టండి. ఏడుస్తున్న నోట్లోకి బలవంతంగా పట్టకండి.
7. ఎడమ వైపు మార్చి మళ్లీ పట్టండి. తాగడం మొదలయ్యాక ఎడమ తొడకి పెంటావాలెంట్.
8. సూది తీశాక వెంటనే లేవకండి. ఇంకో నాలుగైదు నిమిషాలు తాగనివ్వండి.

లైనులో వాళ్లు తొందరపెడితే మధ్యలో వైపు మార్చడం కుదరకపోవచ్చు. అప్పుడు సూదికి ముందు బాగా పట్టి, నిటారుగా గుండెకి హత్తుకుని కూర్చుని వేయించి, అయిన వెంటనే మళ్లీ పట్టండి. అంత ఫలితం లేకపోయినా బల్ల మీద పడుకోబెట్టడం కన్నా ఎన్నో రెట్లు నయం.

పెద్దవాళ్లకి ఇక్కడ రెండు అనుమానాలు వస్తాయి. మొదటిది, పాలు గొంతుకి అడ్డం పడతాయేమోనని. తల ఎత్తుగా ఉంచి, ఏడుపు తగ్గాకే తిరిగి పడితే ఆ భయం అక్కర్లేదు. రెండోది, నొప్పి గుర్తుండి బిడ్డ పాలు తాగడమే మానేస్తుందేమోనని. అలా జరగదు. పోలియో, రోటా చుక్కల తర్వాత అరగంట పాలు పట్టొద్దన్న మాట కూడా ఇంకా వినిపిస్తోంది. ఆ నియమమేమీ లేదు, వెంటనే పట్టొచ్చు.

పుట్టగానే వేసే బీసీజీ, హెపటైటిస్ బి సూదులకి ఇంకో దారి ఉంది. బిడ్డకి డైపర్ మాత్రమే ఉంచి తల్లి గుండెకి నేరుగా ఆనించి, పైన దుప్పటి కప్పి అలాగే వేయించమనండి. సిజేరియన్ అయిన తల్లి కూర్చోలేకపోతే నాన్న గుండె మీద పెట్టుకోవచ్చు.

## 6. తల్లిపాలు పట్టే వీలు లేకపోతే

సీసా పాలు తాగే బిడ్డయితే అదే భంగిమలో సీసా పట్టండి.

చక్కెర నీళ్లూ పనిచేస్తాయి. ఒక చెంచా పంచదారని రెండు చెంచాల కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సూదికి ఒకటి రెండు నిమిషాల ముందు డ్రాపర్‌తో బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా, మొత్తం 2 మిల్లీలీటర్లు దాటకుండా వేయండి. ఇది సూది సమయానికి మాత్రమే. ఇంట్లో ఏడ్చినప్పుడల్లా వేసే అలవాటు చేయకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే డాక్టర్‌ని అడిగాకే.

తేనె మాత్రం నాకించకండి. ఏడాదిలోపు పిల్లలకి తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మంచి తేనె అయినా, ఇంట్లో పట్టిన తేనె అయినా అంతే.

చర్మాన్ని మొద్దుబార్చే క్రీములు మందుల షాపుల్లో దొరుకుతాయి. గంట ముందే రాయాలి, ఎంత రాయాలన్నది బిడ్డ వయసు, బరువుని బట్టి ఉంటుంది. ఎక్కువైతే చిన్నపిల్లల రక్తంలో ఆక్సిజన్ అందకుండా చేసే ప్రమాదం ఉంది. పిల్లల డాక్టర్ రాసిస్తేనే వాడండి.

ప్రైవేటు క్లినిక్‌లలో "పెయిన్‌లెస్ టీకా" అంటుంటారు. సూది గుచ్చుకునే నొప్పి దానికీ ఉంటుంది. తర్వాత వచ్చే జ్వరం, వాపు తక్కువగా ఉంటాయి, అంతే. కోరింత దగ్గు నుంచి రక్షణ మాత్రం మామూలు డీపీటీ రకంతోనే ఎక్కువ కాలం నిలుస్తుంది. డబ్బు పెట్టలేక ప్రభుత్వ టీకా వేయించామని బాధపడే తల్లిదండ్రులకి ఈ సంగతి తెలియాలి.

## 7. తొమ్మిది నెలలు, ఏడాదిన్నర పిల్లలకి

ఈ వయసులో బిడ్డకి మనుషులు తెలుస్తారు, తెల్లకోటు చూస్తేనే బిగుసుకుంటారు. కాబట్టి ఒళ్లో నిటారుగా, మీ ఛాతీకి ఎదురుగా కూర్చోబెట్టుకుని కౌగిలించుకోండి. రెండు కాళ్లు మీ నడుముకి చెరోవైపు ఉండాలి. సూది వేసే చేతిని మోచేతి దగ్గర మీరే పట్టుకోండి.

నాన్నో అమ్మమ్మో మీ వెనక నిలబడి బొమ్మ చూపించాలి, లేదా ఫోన్‌లో ఇష్టమైన పాట పెట్టాలి. సూది వేసే క్షణంలో కొత్తగా ఏదైనా చూపిస్తే ఇంకా మేలు.

"అయ్యో అయ్యో, అయిపోయింది తల్లీ, పాపం" అని గాబరాగా అనకండి. మీ గొంతులో కంగారుని బిడ్డ ఇట్టే పసిగడుతుంది. "నొప్పి ఉండదమ్మా" అనీ అనకండి. ఏడాదిన్నర పిల్లలకి చాలా మాటలు అర్థమవుతాయి, వచ్చేసారి మిమ్మల్ని నమ్మరు. మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. అన్నం తినకపోతే సూది వేయిస్తానని ఇంట్లో బెదిరించే అలవాటుంటే ఈరోజే మానేయండి.

## 8. సూది తీసిన తర్వాత అరగంట

పొడి దూదితో కాసేపు ఆనించి పట్టుకోండి. రుద్దకండి. అక్కడే నీడపట్టున అరగంట కూర్చోండి. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ ఎక్కువగా ఈ కాసేపట్లోనే బయటపడుతుంది, దానికి మందు అక్కడే ఉంటుంది.

ఇంకా ఏడుస్తుంటే నిటారుగా భుజాన వేసుకోండి, లేదా మెత్తటి గుడ్డలో చుట్టి పక్కకి తిప్పి ఎత్తుకోండి. చెవి దగ్గర "ష్‌ష్" అంటూ సన్నగా ఊపండి. మూడు నెలల్లోపు పిల్లలు దీనికి తొందరగా ఊరుకుంటారు.

వెళ్లేముందు నాలుగు సంగతులు కార్డులో ఉన్నాయో లేదో చూసుకోండి: ఈరోజు ఏ టీకాలు వేశారు, ఏ కాలికి ఏది, ఏ ఇబ్బందులు రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి. రెండోది సిస్టర్ రాయకపోతే మీరే పెన్సిల్‌తో రాసుకోండి. తర్వాత గడ్డ కనిపిస్తే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఈ లక్షణాలుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తండి:

- ఊపిరి కష్టం కావడం, పెదవులు, ముఖం ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు
- బిడ్డ తెల్లగా పాలిపోయి గుడ్డపేలికలా వాలిపోవడం, పిలిచినా పలకకపోవడం
- ఫిట్స్
- మూడు గంటలు దాటినా ఆగని ఏడుపు
- రోటా చుక్కల తర్వాతి రోజుల్లో, ఉండుండి కాళ్లు ముడుచుకుని ఏడవడం, వాంతులు, మలంలో రక్తం

## 9. ఆ రాత్రి జ్వరం వస్తే

పెంటావాలెంట్ తర్వాత మొదటి రెండు రోజుల్లో జ్వరం, చిరాకు, కాలు కదిపితే ఏడవడం మామూలే. ఎంఆర్ తర్వాత అయితే వారం నుంచి 12 రోజుల మధ్య కాస్త జ్వరం, ఒంటి మీద ఎర్రటి పొక్కులు రావచ్చు.

చెయ్యి పెట్టి చూసి నిర్ణయించకండి, థర్మామీటర్ వాడండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరం. బిడ్డ బాధపడుతుంటే పారాసెటమాల్ వేయొచ్చు. మూడు నెలల్లోపు బిడ్డయితే డాక్టర్‌కి ఫోన్ చేసి వేయండి.

మోతాదు కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం ఆరు గంటలు. రోజుకి నాలుగు దాటకూడదు.

ప్రమాదకరమైన పొరపాటు జరిగేది ఇక్కడే. డ్రాప్స్ సీసాలో మామూలుగా 1 మిల్లీలీటర్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 125 ఉండొచ్చు, 250 ఉండొచ్చు. 5 కిలోల బిడ్డకి 50 నుంచి 75 మిల్లీగ్రాములు కావాలి. అంటే డ్రాప్స్ అయితే అర మిల్లీలీటర్ నుంచి ముప్పావు. 125 సిరప్ అయితే 2 నుంచి 3 మిల్లీలీటర్లు. సిరప్ లెక్కలో డ్రాప్స్ పోస్తే అది నాలుగు రెట్లు. సీసా మీద అంకె చదివాకే పోయండి. ఇంట్లో చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి. అమ్మ ఒకసారి, నానమ్మ ఒకసారి వేయకుండా వేసిన టైమ్ గోడ క్యాలెండర్ మీద రాయండి.

ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఆరు నెలల్లోపు ఐబుప్రొఫెన్ వద్దు. జ్వరం 102 దాటినా, రెండు రోజులు దాటినా, బిడ్డ పాలు తాగకపోయినా చూపించండి.

కాలు వాచితే చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ పది నిమిషాలు వేయండి. మామూలుగా స్నానం చేయించొచ్చు. జ్వరం వచ్చిందని స్వెట్టరూ టోపీ తొడిగి దుప్పట్లు కప్పకండి.

## 10. ఇళ్లలో జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

- వేడి కాపడం పెట్టడం. వాపు పెరుగుతుంది, లేత చర్మం కాలుతుంది. చల్లటి తడిగుడ్డ చాలు.
- గడ్డ కరగాలని నూనెతో గట్టిగా మర్దన చేయడం. రెండు మూడు రోజులు ఆ తొడని వదిలేసి మిగతా ఒళ్లంతా రాయండి.
- పసుపు, సున్నం, కాఫీపొడి పట్టించడం. సూది రంధ్రం దగ్గర ఏదీ రాయొద్దు. ఇప్పటికే రాసుంటే శుభ్రమైన నీళ్లతో కడిగేయండి.
- బీసీజీ పొక్కుని నొక్కి చీము తీయడం. దీని గురించి కింద వివరంగా ఉంది.
- గడ్డ వచ్చిందని తర్వాతి డోసు ఎగ్గొట్టడం. దీనివల్ల బిడ్డకి నిజమైన నష్టం జరుగుతుంది. చూపించి, అడిగి, అవసరమైతే వేరే కాలికి వేయించండి.

నానమ్మలూ అమ్మమ్మలూ ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు. వాళ్లని కసిరేకన్నా టీకా రోజు వెంట తీసుకెళ్లి సిస్టర్ నోటితోనే చెప్పించండి. ఆ మాట బాగా పనిచేస్తుంది.

## 11. టీకా వేసిన చోట గడ్డ: ఏది మామూలు, ఏది కాదు

తొడలో గట్టి గుండు. పెంటావాలెంట్, డీపీటీ తర్వాత వేలికి తగిలే బఠాణీ గింజంత గుండు చాలా మందిలో ఉంటుంది. టీకా బాగా పనిచేయడానికి కలిపే అల్యూమినియం లవణానికి కణజాలం చూపే స్పందన అది. నొప్పి ఉండదు, వేడి ఉండదు, పైన చర్మం మామూలు రంగులోనే ఉంటుంది. కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరిలో నెలలు పడుతుంది. ట్యూమర్ కాదు, ట్యూమర్‌గా మారదు. ఏమీ చేయనక్కర్లేదు. నెలకోసారి రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీసుకుంటే చాలు.

చీముగడ్డ. రోజురోజుకీ ఎర్రబడటం, వేడెక్కడం, ముట్టుకుంటే బిడ్డ కెవ్వుమనడం, మధ్యలో మెత్తబడటం, జ్వరం తిరగబెట్టడం. ఇది ఇంట్లో ఆగే విషయం కాదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బీసీజీ పొక్కు. వేసిన రెండు మూడు వారాలకి ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేస్తుంది, పెరుగుతుంది, పగిలి రసి కారుతుంది, ఎండి మచ్చ మిగులుతుంది. మొత్తం రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఇది జరగాల్సిన తీరే. తుడిచి గాలి తగలనివ్వండి. పౌడరు, ఆయింట్‌మెంటు, కట్టు వద్దు.

ఎడమ చంకలో బిళ్ల. బీసీజీ తర్వాత కొన్ని వారాల నుంచి ఆరు నెలల లోపు ఎడమ చంకలోనో, ఎడమ వైపు కాలర్ ఎముక పైనో బిళ్ల కట్టొచ్చు. చిన్నగా, గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే మామూలుగా దానంతట అదే తగ్గుతుంది. ఒక్కసారి డాక్టర్‌కి చూపించి ఉంచండి. అది పెద్దదై మెత్తబడి, పైన చర్మం ఎర్రబడితే చీము పట్టినట్టు. దాన్ని సూదితో లాగించాలే తప్ప బ్లేడుతో కోయించకూడదు. కోసిన గాయం నెలల తరబడి మానకుండా కారుతూ ఉంటుంది. వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర ఈ పని చేయించకండి.

## 12. టీకాతో సంబంధం లేని మెత్తటి గడ్డలు

టీకా రోజుల్లోనే బిడ్డ ఒంటిని శ్రద్ధగా చూస్తాం కాబట్టి, అసలు టీకాతో పొత్తే లేని గడ్డలు కూడా అప్పుడే కంటపడతాయి. వీటిలో ఎక్కువ క్యాన్సర్ కానివే.

హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ). పుట్టిన కొన్ని వారాలకి ఎర్రటి చుక్కగా మొదలై ఉబ్బుతుంది. చంటిపిల్లల్లో కనిపించే క్యాన్సర్ కాని కణుతుల్లో ఎక్కువగా చూసేది ఇదే. మొదటి ఐదు నెలల్లో వేగంగా పెరుగుతుంది, ఏడాది తర్వాత మెల్లగా కుంచించుకుపోతుంది. కంటి దగ్గర, పెదవి, ముక్కు, గడ్డం భాగంలో ఉన్నా, పుండు పడినా, ఒంటి మీద ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా ఆగకుండా చూపించాలి. ప్రొప్రనొలాల్ మందు బాగా పనిచేస్తుంది, తొందరగా మొదలుపెడితేనే ఫలితం బాగుంటుంది.

మెడ కండలో గడ్డ. రెండు మూడు వారాల వయసులో మెడకి ఒక వైపు గట్టిగా తగులుతుంది, తల అటువైపే వాలి ఉంటుంది. ఫిజియోథెరపీ వ్యాయామాలతో ఎక్కువ మందిలో ఏడాదిలోపు సర్దుకుంటుంది. ఇలాంటి బిడ్డని సూదికి పట్టుకునేటప్పుడు తలని బలవంతంగా రెండో వైపుకి తిప్పకండి.

కనుబొమ్మ చివర గుండు. ఇది తరచుగా డెర్మాయిడ్ సిస్ట్, అంటే పుట్టుకతో వచ్చే సంచి లాంటి గడ్డ. తొందరేం లేదు కానీ పిల్లల సర్జన్‌కి చూపించాలి.

కొవ్వు గడ్డ. మెత్తగా, వేలితో నెడితే జరిగేది. పెద్దల్లో సర్వసాధారణం, చంటిపిల్లల్లో అరుదు. కాబట్టి "వాళ్ల తాతకీ ఉంది, కొవ్వు గడ్డే" అని ఇంట్లోనే తేల్చేయకండి.

గజ్జల్లో ఏడ్చినప్పుడు ఉబ్బి, ఊరుకోగానే తగ్గేది హెర్నియా కావచ్చు. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి బిడ్డ వాంతులు చేసుకుంటుంటే అది ఎమర్జెన్సీ.

ఆలస్యం చేయకూడని గుర్తులు: వారం వారానికీ పెరగడం, రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, లోతుగా కండకి అతుక్కున్నట్టు ఉండటం, బిడ్డ బరువు పెరగకపోవడం, ఆ కాలో చేయో వాడకపోవడం. పిల్లల డాక్టర్ మొదట అల్ట్రాసౌండ్ రాస్తారు. దానికి రేడియేషన్ ఉండదు, నొప్పి ఉండదు. ప్రభుత్వ రంగంలో అయితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో తల్లులకీ పిల్లలకీ వైద్యం చేసే నీలోఫర్ ఆసుపత్రి ఉంది. టీకా కార్డు, తేదీలున్న ఫొటోలు వెంట తీసుకెళ్లండి.

## 13. ముందే గడ్డ ఉన్న బిడ్డకి టీకా ఎలా

క్యాన్సర్ కాని గడ్డ ఉందని టీకా ఆపాల్సిన పని లేదు. గడ్డ మీద గానీ, దాన్ని ఆనుకుని గానీ సూది పడకూడదు. రెండో కాలికి వేయమని అడగండి. ఒకే తొడలో రెండు వేయాల్సి వస్తే మధ్యలో కనీసం అంగుళం ఎడం ఉండాలి.

హెమాంజియోమాకి ప్రొప్రనొలాల్ వాడుతున్న బిడ్డకి టీకాలు వేయించొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. టీకా తర్వాత జ్వరం వచ్చి పాలు సరిగ్గా తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ మందు ఖాళీ కడుపున వేయకూడదు. రక్తంలో చక్కెర పడిపోతుంది. డోసు ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

స్టెరాయిడ్ సిరప్ రెండు వారాలు, అంతకుమించి వాడుతుంటే ఎంఆర్, బీసీజీ, రోటా లాంటి జీవ టీకాలకి (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసేవి) ముందు తప్పక చెప్పాలి. మోతాదుని బట్టి వాటిని కొంతకాలం వాయిదా వేస్తారు. పెంటావాలెంట్, పీసీవీ అనుకున్న సమయానికే వేస్తారు.

గడ్డకి ఆపరేషన్ తేదీ ఇచ్చుంటే టీకా తేదీ కూడా సర్జన్‌కి చెప్పండి. టీకా జ్వరం ఆపరేషన్ రోజున వస్తే ఇన్ఫెక్షన్ అనుకుని వాయిదా వేస్తారు. అందుకని పెంటావాలెంట్ లాంటి టీకాలైతే మధ్యలో కనీసం రెండు మూడు రోజుల ఎడం ఉండేలా చూస్తారు. ఏ తేదీ జరపాలన్నది వాళ్లనే తేల్చనిచ్చి, కొత్త తేదీని అక్కడే కార్డు మీద రాయించుకోండి.